రీలోడ్ చేసిన తూటాలకు రంగు గుర్తు: మార్కరా, నెయిల్ పాలిషా, డబ్బా మీద లేబులా?

కాల్చేసిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని (కేస్) మళ్లీ పౌడర్‌తో, కొనన ఉండే బుల్లెట్‌తో నింపుకోవడమే రీలోడింగ్. అలా ఒకే రైఫిల్‌కి రెండు మూడు రకాల లోడ్లు నింపుకునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు తప్పదు. బల్ల మీద యాభై తూటాలుంటాయి, అన్నీ ఒకేలా మెరుస్తుంటాయి. లోపల పౌడర్ ఎంతుందో బయటికి కనిపించదు. కేస్ అడుగున కంపెనీ కొట్టిన అచ్చు చూద్దామంటే, అది మొదటిసారి తయారు చేసినవాళ్ల సంగతి చెబుతుంది తప్ప, తర్వాత మీరు నింపిన దాని గురించి ఒక్క ముక్క చెప్పదు. అందుకే ఎవరికి తోచిన రంగు వాళ్లు పూస్తుంటారు. పూయడం సులువే. ఎక్కడ పూయాలి, దేనితో పూయాలి అన్న దగ్గరే తేడాలొస్తాయి.

బెంగళూరులో కూర్చుని దీని గురించి రాయడానికి కారణం ఉంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ తెలుగు ఇంట్లో చూసినా డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఒక బావో తమ్ముడో ఉంటాడు. వాళ్లలో గ్యారేజీలో రీలోడింగ్ ప్రెస్ బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. మా బావమరిది ఆ బాపతే. వీడియో కాల్‌లో తూటాల డబ్బా చూపించి "బావా, ఈసారి ఏ రంగు గీయమంటావ్?" అని అడుగుతుంటాడు. ఇక ఇక్కడ క్లబ్బులో .22 కాల్చేవాళ్లు వేరే రకం. వాళ్లు ఆ సన్నని తూటాలను రీలోడ్ చేయరు, కానీ లాట్లు (కంపెనీలో ఒకేసారి తయారైన బ్యాచులు) కలిసిపోయే బాధ వాళ్లకూ ఉంది. ఈ ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు.

ముందు ఇక్కడి చట్టం

మన దేశంలో గన్ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఇంట్లో తూటాలు నింపుకోవచ్చని కాదు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం మందుగుండు తయారీకి లైసెన్సు విడిగా ఉండాలి. లేకుండా తయారు చేస్తే, 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. అదే చట్టంలో అమ్యూనిషన్ అన్న నిర్వచనంలోకి తూటాల విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా వస్తాయి. కాబట్టి డల్లాస్ నుంచి వస్తూ "ఒక సెట్ డైలు (రీలోడింగ్ ప్రెస్‌లో బిగించే అచ్చులు) పట్టుకొస్తా" అని ఎవరైనా అంటే వద్దనండి. ఖాళీ కేస్‌తో చేసిన కీచైన్ కూడా వద్దు. ఎయిర్‌పోర్టు స్కానర్ దగ్గర అది కీచైనే అని నచ్చజెప్పేలోపు ఫ్లైట్ వెళ్లిపోతుంది.

అంచేత కింద రీలోడింగ్ గురించి చెప్పిందంతా అది చట్టబద్ధమైన చోట ఉంటున్నవాళ్లకు. బెంగళూరు, చెన్నై షూటర్లకు పనికొచ్చేది చివర్లో విడిగా రాశాను.

ఏం చూసి ఎంచుకోవాలి

మార్కర్ కొనే ముందే ఒక ప్రశ్న వేసుకోండి. ఆ రంగు దేని గురించి చెప్పాలి, లోడు గురించా, కేస్ గురించా? లోడు అంటే ఈసారి నింపిన పౌడర్, బుల్లెట్, ప్రైమర్ (కేస్ అడుగున ఉండి, పిన్ను తగలగానే నిప్పు పుట్టించే చిన్న గిన్నె). కాల్చగానే దాని పని అయిపోతుంది. కేస్ అలా కాదు. ఇత్తడి కేస్‌ని ఏరుకుని, కడిగి, మళ్లీ నింపుతారు. అది ఎవరిది, ఎన్నిసార్లు నింపారు అన్నవి దానితోపాటే ఉండాల్సిన సంగతులు. ఈ రెండూ ఒకే గీతతో చెప్పబోతేనే గందరగోళం మొదలవుతుంది.

రెండోది, మీ కన్ను ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. యాభై గదుల ప్లాస్టిక్ డబ్బాలో చాలామంది తూటాలను బుల్లెట్ కిందికి పెట్టి దించుతారు. మూత తీస్తే కనిపించేది ప్రైమర్ ఉన్న అడుగు భాగమే. అలాంటప్పుడు కొన మీద ఎంత అందంగా రంగేసినా లాభం లేదు.

మూడోది మందం. తూటా చాంబర్‌లో (బ్యారెల్ వెనక చివర తూటా పట్టే చోటు) కూర్చున్నప్పుడు అడుగు భాగం, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ ముఖానికి ఆనుకుని ఉంటుంది. అక్కడ గడ్డకట్టిన పెయింట్ ఉంటే బోల్ట్ సరిగ్గా మూసుకోదు, లేదా ఆ పెయింటు పెచ్చులూడి ఫైరింగ్ పిన్ రంధ్రంలో చేరుతుంది.

ఇక గన్ ఆయిల్, చెమట, రాపిడి తట్టుకోవడం, మళ్లీ తుడిస్తే పోవడం అనేవి మామూలు లెక్కలే. వీటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మీరు ఎంచుకున్న రంగుకి ఇప్పటికే వేరే అర్థం ఉందా అన్నది. అది కొన మీద రంగు గురించి చెప్పేటప్పుడు వస్తుంది.

అడుగున మార్కర్ గీత

నా ఓటు దీనికే. మామూలు పర్మనెంట్ మార్కర్ చాలు. అవెన్యూ రోడ్డులో డజను లెక్కన దొరికే రకమే అమెరికాలో వేరే పేరుతో దొరుకుతుంది. తూటాలన్నీ డబ్బాలో ప్రైమర్ పైకి ఉండేలా పెట్టి, ఒక్కో వరుస మీద అడ్డంగా ఒక గీత లాగితే అయిపోయింది. వంద తూటాలు నిమిషంలో పూర్తి. సిరాకి మందమంటూ దాదాపు ఉండదు కాబట్టి బోల్ట్‌తో పేచీ లేదు.

గీత ప్రైమర్ మీదుగా పోయిందనుకోండి. తూటా కాల్చాక ఆ ప్రైమర్‌ని కొట్టి తీసేసి కొత్తది నొక్కుతారు. అప్పుడు ఇత్తడి మీద రెండు పక్కలా పాత గీత ముక్కలు మిగులుతాయి, మధ్యలో కొత్త ప్రైమర్ శుభ్రంగా మెరుస్తుంటుంది. చూడగానే ఇది కొత్త లోడో, తుడవని పాత గుర్తో తెలియదు. అందుకే పని పంచేయాలి. లోడు గురించి చెప్పే రంగు ప్రైమర్ మీద మాత్రమే చుక్కలా పెట్టండి. ప్రైమర్‌తోపాటు అదీ పోతుంది, తుడిచే పనుండదు. కేస్ గురించి చెప్పే గుర్తు ఇత్తడి అంచు మీద పెట్టండి. నింపిన ప్రతిసారీ అంచున మార్కర్‌తో ఒక చిన్న గీత చొప్పున గీస్తే, ఎన్నిసార్లు వాడారో లెక్క కూడా అక్కడే ఉంటుంది. కేసులు శుభ్రం చేసేటప్పుడు మొక్కజొన్న బెండు పొడిలో దొర్లించినా, స్టీలు పిన్నులతో నీళ్లలో తిప్పినా సిరా కొంత పోతుంది. నింపిన తర్వాత పాత గీతలన్నీ మళ్లీ దిద్దుకోవాలి.

రంగుల ఎంపికలో కూడా ఇత్తడి మాట వినాలి. పసుపు, నారింజ ఇత్తడి మీద కలిసిపోతాయి. నలుపు, నీలం బాగా కనిపిస్తాయి గానీ, సాయంత్రం వెలుగులో రెండూ ఒకటే అయిపోతాయి, ఏదో ఒకటే పెట్టుకోండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని కళ్లు మగవాళ్లలో ఎక్కువ, ఆ సంగతి చాలామందికి తమకే తెలియదు. కాబట్టి రంగుతోపాటు ఆకారం కూడా మార్చండి: ఒకదానికి చుక్క, ఒకదానికి గీత, ఇంకోదానికి ఇంటూ గుర్తు. ఎరుపు మాత్రం అన్నిటికంటే గట్టి లోడుకే వదిలేయండి. ట్రాఫిక్ సిగ్నల్ పుణ్యమా అని ఎరుపు చూడగానే చెయ్యి ఆగుతుంది, ఆ అలవాటు ఇక్కడ పనికొస్తుంది.

దీని లోపం కూడా చెప్పాలి. గన్ ఆయిల్ తగిలితే, సాల్వెంట్ తగిలితే సిరా కరిగి జారిపోతుంది. నూనె చేతులతో పట్టుకునే అలవాటున్నవాళ్లు వారం తర్వాత చూస్తే గీత ఉన్నచోట మరక ఉంటుంది.

ప్రైమర్ చుట్టూ నెయిల్ పాలిష్

సిరా కంటే ఇది చాలా గట్టిగా నిలుస్తుంది. ప్రైమర్‌కీ కేస్‌కీ మధ్య ఉన్న సన్నని సందులోకి దిగి తేమ లోపలికి పోకుండా సీలులాగా కూడా పనిచేస్తుంది. సైన్యాలు చేసేది దాదాపు ఇదే. బ్రిటిష్ తూటాల్లో మామూలు బాల్ రౌండుకి ప్రైమర్ చుట్టూ ఊదా రంగు లక్క, ట్రేసర్‌కి (పోయే దారి వెలుగుతూ చూపేదానికి) ఎరుపు, కవచం చీల్చేదానికి ఆకుపచ్చ వేసేవారు. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: నెయిల్ పాలిష్‌లో పొరలా ఆరేది నైట్రోసెల్యులోజ్. తూటాలో ఉండే పొగలేని పౌడర్‌కి మూలం కూడా అదే పదార్థం. గోళ్లకీ గన్నుకీ బంధుత్వం ఉందన్నమాట.

కానీ దీన్ని కుంచెతో పులమకూడదు. అగ్గిపుల్ల చివర ముంచి, సందులో మాత్రమే సన్నగా తిప్పాలి. ప్రైమర్ ముఖం మీద గడ్డకడితే పైన చెప్పిన మందం గొడవంతా మొదలవుతుంది. పూర్తిగా ఆరకముందే డబ్బాలో పెడితే అంటుకుంటుంది. ఇంకో చిక్కు, రంగు తప్పు పడితే నింపిన తూటా మీద రిమూవర్ పోసి తుడవకూడదు. ఆ ద్రావకం ప్రైమర్‌లోకి దిగితే అది పేలకపోవచ్చు. అంటే దీనికి చెరిపివేత లేదు. వేటకో, చాలాకాలం దాచడానికో చేసుకునే పాతిక తూటాలకైతే సరే. వారం వారం వందల్లో కాల్చేవాళ్లకు ఈ ఓపిక దండగ.

కొన మీద రంగు

ఫొటోల్లో బాగుంటుంది. నేను మాత్రం వద్దనే అంటాను. అమెరికన్ సైనిక తూటాల్లో నల్ల కొన అంటే కవచం చీల్చేది, నారింజ లేదా ఎరుపు అంటే ట్రేసర్, నీలం అంటే నిప్పంటించేది. ఆకుపచ్చ కొన చూస్తే ఎం855 అనే సైనిక తూటా అనుకుంటారు. దానిలో ఉక్కు ముక్క ఉంటుంది కాబట్టి చాలా షూటింగ్ రేంజుల్లో దాన్ని కాల్చనివ్వరు. మీరు సరదాగా ఆకుపచ్చ పూసిన మామూలు రౌండుని రేంజ్ ఆఫీసర్ పక్కన పెట్టించాడంటే తప్పు ఆయనది కాదు. అంతకంటే భయపడాల్సింది, మీ తర్వాత ఆ తూటాలు ఎవరి చేతికైనా పోతే వాళ్లు ఆ రంగుని ఎలా అర్థం చేసుకుంటారో అన్నదే.

దుకాణంలో కొన్న బుల్లెట్లకే రంగు ప్లాస్టిక్ కొనలుంటాయి కదా అంటారు. ఉంటాయి, కానీ వాటి భాష కంపెనీకొకటి. నోస్లర్ బాలిస్టిక్ టిప్‌లో కొన రంగు కేలిబర్‌ని, అంటే బుల్లెట్ లావుని, చెబుతుంది: .270కి పసుపు, 7 మిల్లీమీటర్లకి ఎరుపు, .30కి ఆకుపచ్చ. హోర్నడీ వీ-మ్యాక్స్‌లో ఏ కేలిబర్ తీసినా ఎరుపే. ఎర్ర కొనలన్నీ ఒకటే అనుకుని ఒక డబ్బాలో వేస్తే అంతే సంగతులు.

కొనకి రంగు పూయడం నిజంగా పనికొచ్చే చోటు ఒకటే ఉంది. పౌడర్ కొద్దికొద్దిగా పెంచుతూ దూరం నుంచి ఒకే టార్గెట్ మీద కాల్చి చూసేటప్పుడు, ఒక్కో మెట్టు బుల్లెట్లకి కొన దగ్గర్లోని వంపు మీద ఒక్కో రంగు మార్కర్ రుద్దుతారు. కాగితం మీద రంధ్రం అంచున ఆ రంగు అంటుకుంటుంది. ఏ రంధ్రం ఏ మెట్టుదో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. అయితే ఆ తూటాలు ఆ రోజే అయిపోవాలి, మిగిలినవి రంగుతో సహా డబ్బాలోకి తిరిగి రాకూడదు.

రంగు పూయకుండానే రంగు

చాలామంది పట్టించుకోని దారి ఇది. ప్రాక్టీస్‌కి పసుపు ఇత్తడి కేసులు, గట్టి లోడుకి నికెల్ పూత ఉన్న వెండి రంగు కేసులు అని విభజించుకుంటే, మసక వెలుగులో కూడా పొరబడరు. చెరిగే ప్రశ్నే లేదు. నికెల్ కేసులు మెడ దగ్గర ఇత్తడి కంటే త్వరగా చీలుతాయి, ఖరీదు కాస్త ఎక్కువ. రెండు లోడ్ల వరకే పనికొస్తుంది, మూడోది వస్తే మళ్లీ మార్కరే. సీసం పోతపోసుకుని పౌడర్ కోటింగ్ (రంగు పొడితో వేసే పూత) వేసుకునేవాళ్లకు బుల్లెట్ మొత్తం ఏ రంగులో కావాలంటే ఆ రంగులో వస్తుంది. దానికోసమే పోత మొదలుపెట్టాల్సినంత గొప్పేమీ కాదు.

డబ్బా, లేబులు

పౌడర్ పేరు, ఎన్ని గ్రెయిన్లు (పౌడర్ తూచే చిన్న కొలత), బుల్లెట్ బరువు, ప్రైమర్, మొత్తం పొడవు, నింపిన తేదీ. ఇవన్నీ ఏ రంగూ చెప్పలేదు, లేబులే చెప్పాలి. లేబులు లేని డబ్బాలో ఎన్ని రంగులున్నా అది సగం పనే. కానీ లేబుల్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే, మూత మీద గోంగూర అని రాసి లోపల మాగాయ ఉన్న జాడీలాగా ఉంటుంది వ్యవహారం. డబ్బాలోంచి తీసి జేబులో వేసుకున్న తూటాకి ఇక పేరుండదు. తూటా మీద చుక్క, డబ్బా మీద అదే చుక్క, పక్కన పూర్తి వివరం. ఈ మూడూ కలిస్తేనే ఏర్పాటు పూర్తయినట్టు. లేబులు మూతకి కాకుండా అడుగు డబ్బాకి అంటించండి, మూతలు తారుమారవుతాయి.

షాట్‌గన్ సంగతి వేరు

ఇక్కడ రంగు ప్రాణాలు కాపాడే విషయం. 20 గేజ్ షెల్ 12 గేజ్ కంటే సన్నం, దాన్ని 12 గేజ్ బ్యారెల్‌లో వేస్తే చాంబర్ దాటి కొంత ముందుకు జారి ఇరుక్కుంటుంది. ఖాళీగా ఉందనుకుని వెనక 12 గేజ్ షెల్ పెట్టి కాలిస్తే బ్యారెల్ పగిలిపోతుంది. అందుకే అమెరికాలో 20 గేజ్ షెల్స్‌ని పసుపు రంగులో చేస్తారు, మిగతా గేజులకు ఆ పసుపు వాడరు. మీరు రీలోడ్ చేసేటప్పుడు ఈ ఒక్క సంప్రదాయాన్ని మాత్రం ముట్టుకోవద్దు. 12 గేజ్ షెల్స్ మీద పసుపు చారలు, స్టిక్కర్లు వద్దు.

రీలోడ్ చేసిన షెల్ ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. పక్కన అచ్చులో 7½ నంబరు గుళ్లు అని ఉంటుంది, మీరు నింపింది 8. ఆ పాత అచ్చు మీద నల్ల మార్కర్‌తో అడ్డంగా కొట్టేసి, ముడుచుకున్న మూతి మధ్యలో కొత్త నంబరు రాస్తే చాలు.

ఎవరికి ఏది

| మీ పరిస్థితి | నేనైతే ఎంచుకునేది | ఎందుకు |
|---|---|---|
| ఒక కేలిబర్, ఒకే లోడు | లేబులు మాత్రమే | కలిసిపోవడానికి ఇంకోటి లేదు |
| ఒక కేలిబర్, రెండు లోడ్లు | ఇత్తడి ఒకదానికి, నికెల్ ఒకదానికి | చెరగదు, మసక వెలుగులోనూ తెలుస్తుంది |
| ఒక కేలిబర్, మూడు నాలుగు లోడ్లు | ప్రైమర్ మీద మార్కర్ చుక్క, లేబులు | ప్రైమర్‌తోపాటు గుర్తూ పోతుంది |
| కొత్త లోడు కోసం పరీక్షలు | కేస్ పక్కన గ్రెయిన్ల అంకె రాయడం | అంకెను రంగుగా మార్చి గుర్తుపెట్టుకునే పని లేదు |
| దాచిపెట్టుకునే వేట తూటాలు | నెయిల్ పాలిష్, లేబులు | తేమ నుంచి కాపు |
| రేంజులో కేసులు ఏరుకునే గొడవ | అంచు మీద రెండు గీతలు | నేల మీద కూడా ఎవరివో తెలుస్తుంది |

పట్టికలో పట్టనివి రెండున్నాయి. మొదటిది .45-70 లాంటి పాత కేలిబర్లు. దానికి రీలోడింగ్ పుస్తకాల్లో మూడు అంతస్తులుంటాయి: 1873 నాటి ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మెత్తనివి, లివర్ యాక్షన్లకి మధ్యరకం, గట్టి ఆధునిక రైఫిళ్లకి పైరకం. మూడూ ఒకే చాంబర్‌లో పడతాయి. పాత తుపాకీ కూడా ఇంట్లో ఉంటే నేనైతే చుక్కతో సరిపెట్టుకోను. పైరకం లోడు నికెల్ కేసులో, ఎర్ర చుక్కతో, వేరే అరలో.

రెండోది .300 బ్లాకౌట్. .223 కేస్‌ని కురచ చేసి .30 బుల్లెట్ పెట్టిన తూటా ఇది. మ్యాగజైన్ అదే, బోల్ట్ అదే. పొరపాటున .223 బ్యారెల్‌లోకి వెళ్లి పేలితే రైఫిల్ ముక్కలవుతుంది. ఇక్కడ తూటా మీద రంగు కంటే మ్యాగజైన్ మీద రంగు రబ్బరు పట్టీ ముఖ్యం. చేత్తో తీసేది మ్యాగజైన్‌నే, తూటాని విడిగా చూసే అవకాశమే రాదు. వీలైతే రెండు రైఫిళ్లనీ ఒకే రోజు రేంజుకి తీసుకెళ్లకపోవడం ఇంకా మంచిది.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎప్పుడో ఒక తూటా సగం చెరిగిన చుక్కతో డబ్బా మూలన దొరుకుతుంది. దాన్ని గురించి ఊహాగానాలు వద్దు. బుల్లెట్ పుల్లర్‌తో విప్పేయండి. లోపలి పౌడర్‌ని తిరిగి వాడకుండా పారేయండి.

బెంగళూరు, చెన్నై క్లబ్బుల్లో .22 కాల్చేవాళ్లకు

.22 రిమ్‌ఫైర్‌లో ప్రైమర్ మందు అంచు లోపలే ఉంటుంది, కాల్చాక మళ్లీ నింపేది కాదు. కాబట్టి మీకు కలిసిపోయేవి లోడ్లు కాదు, లాట్లు. ఒకే కంపెనీ, ఒకే రకం అయినా ఒక లాటు మీ బ్యారెల్‌కి నప్పుతుంది, ఇంకోటి నప్పదు. అందుకే కొంచెం సీరియస్‌గా ఆడేవాళ్లు లాటు నంబర్లు చూసి దాచుకుంటారు.

తూటా మీద మాత్రం ఏమీ గీయకండి. బుల్లెట్‌కి మైనం లాంటి పూత ఉంటుంది, సిరా నిలవదు, నిలిచినా ఆ పూత చెదురుతుంది. అంచు మీద ఏ పొర పేరుకున్నా చాంబర్‌లో కూర్చోవడంలో తేడా వస్తుంది. పిన్ను పడేది కూడా అక్కడే. డబ్బాకే రంగు స్టిక్కర్ అంటించండి. మ్యాచ్ లాటుకి ఒక రంగు, ప్రాక్టీస్‌కి ఇంకో రంగు చాలు. లాటు నంబరు అచ్చయిన చోట మాత్రం స్టిక్కర్ పడకూడదు. చెన్నైలో అయితే ఉప్పుగాలికి, చెమటకి కాగితం స్టిక్కర్లు నెలల్లో ఊడిపోతాయి, పైన పారదర్శక టేపు వేయాల్సిందే. బెంగళూరులో ఆ బాధ తక్కువ.

అన్నిటికంటే పనిచేసే పద్ధతికి రంగే అక్కర్లేదు. ఫైరింగ్ పాయింట్ దగ్గర బల్ల మీద ఒకసారికి ఒకే లాటు డబ్బా తెరిచి ఉండాలి, రెండోది కిట్ బ్యాగులోనే ఉండాలి. మిగిలిన తూటాలను ఇంకో డబ్బాలోకి సర్దే అలవాటు మానేయాలి. సగం ఖాళీ డబ్బాలు రెండుంటే రెండూ అలాగే ఉండనివ్వండి, అరలో చోటు కోసం కలపకండి.

పోటీలకి విమానంలో వెళ్లేవాళ్లు కంపెనీ డబ్బాల్లోనే, లాటు నంబరు కనిపించేలా సర్దుకోండి. లైసెన్సు, ఎయిర్‌లైన్ అనుమతి ముందే చూసుకోవాలి. అనుమతిచ్చే చోట ఒక ప్రయాణికుడికి తూటాల పరిమితి సాధారణంగా ఐదు కిలోలు, అదీ చెక్-ఇన్ లగేజీలోనే. చేతి రాతలు, రంగు చుక్కలు ఉన్న విడి తూటాలు కనిపిస్తే అదనపు ప్రశ్నలొస్తాయి. బయల్దేరే ముందు రాత్రి కిట్ బ్యాగు జేబులన్నీ తిరగేసి దులపండి. చేతిలో పట్టుకెళ్లే బ్యాగు మూలన మరిచిపోయిన ఒక్క .22 రౌండు చాలు, కేసు అవడానికి.